గండుపిల్లి ఫైలు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు నన్ను బెల్లంపల్లిలోని ఒక గని కార్మికుల కాలనీకి శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. పైన ఎస్టేట్ ఆఫీసరు, కింద స్వీపర్లు, మధ్యలో నేను. ఇంట్లో దుర్వాసన అని ఫిర్యాదు వస్తే ముందు మురుగు పైపు చూడాలి, తరువాత సెప్టిక్ ట్యాంకు, ఆ తరువాత చచ్చిన ఎలుక. నిద్రలేపి అడిగినా ఈ వరుస చెప్పగలిగేవాణ్ని. ఆ వరుసలో పిల్లి లేదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో సుజాత అనే ఆవిడ ఫిర్యాదు ఇచ్చింది. భర్త ఓపెన్‌కాస్టు గనిలో ఉద్యోగి. మామ రాజమల్లు పాత టింబర్‌మన్, అంటే గని కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పనివాడు. పక్షవాతంతో ముందుగదిలో మంచం పట్టి ఉన్నాడు. పైపు చూశాను, బాగుంది. ట్యాంకు బాగుంది. ఎలుక లేదు. మంచం మీద ముసలాయన ఉన్నాడు, ఆయన కాళ్ల దగ్గర పిల్లి పడుకుని ఉంది. నా పరీక్ష అక్కడితో ముగిసింది.

“మామకు ఒంటికొచ్చేది తెలుస్తలేదు సారు,” అంది సుజాత గొంతు తగ్గించి. “రెండు పూటల ఫినాయిల్ కొడ్తున్న. అయినా వాసన పోతలే.”

ఆవిడ చెడ్డమనిషి కాదు. ఫినాయిల్‌కు అరచేతులు పాలిపోయి ఉన్నాయి. నేను రాజమల్లు వైపు చూశాను. ఆయన కాదనలేదు, గోడవైపు తిరిగాడు. రిజిస్టర్‌లో ‘కారణం’ గడిలో ‘ఇంటి వృద్ధుడు’ అని, ‘చర్య’ గడిలో ‘ఫినాయిల్ పెంచాలి, మంచం గాలి తగిలే చోటికి మార్చాలి’ అని రాసి సంతకం పెట్టాను.

మంచం మార్చారు, పెరట్లో రేకుల షెడ్డు కిందికి. మే నెలలో బెల్లంపల్లి రేకుల కింద ఎలా ఉంటుందో ఆ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు, బయటివాళ్లకు చెప్పినా నమ్మరు.

పది రోజులకు రెండో ఫిర్యాదు వచ్చింది. వాసన ఇంకా ఎక్కువైందట. వెళ్లేసరికి రాజమల్లు ఛాతీ మీద తడి తువ్వాలు వేసుకుని పడుకున్నాడు, పెదవులు పగిలి ఉన్నాయి. మనిషేమో బయట, వాసనేమో లోపల. ఈ మాత్రం లెక్క పది రోజుల కిందటే తట్టాల్సింది.

బట్టల దుకాణంలో నోట్లు పరీక్షించే ఊదారంగు దీపం అడిగి తెచ్చాను. ఆ వెలుగులో ఎండిన మూత్రం పసుపుపచ్చగా మెరుస్తుంది. కిటికీలు మూసి చూస్తే మంచం ఉన్న చోట షాబాద్ బండలు శుభ్రంగా ఉన్నాయి. సోఫా కాళ్ల మీద, వెనకవైపు, కర్టెన్ అంచున, గోడ మీద మాత్రం మరకలు జానెడు ఎత్తున వరుసగా మెరిశాయి. పక్షవాతం వచ్చిన మనిషి లేచి సోఫా వెనక్కి వెళ్లి జానెడు ఎత్తు కొలుచుకుని చేసే పని కాదది. రోజంతా రాజమల్లు కాళ్ల దగ్గర పడుకునే గండుపిల్లి పని. అది తన హద్దు గుర్తు వేసుకుంటుంది. మనం ఘాటుగా ఫినాయిల్ కొట్టి గుర్తు చెరిపితే మళ్లీ వేస్తుంది. నేను ఫినాయిల్ పెంచమన్నాను, అదీ పెంచింది.

“గట్లనా,” అంది సుజాత. పెరట్లో షెడ్డు వైపు చూసింది. “మామను ఊకెనే ఉసురు పెట్టినం. మా ఆయన డ్యూటీ దిగి రాంగనే దాన్ని గోనెసంచిల ఏసి ఇడిచిపెట్టొస్తడు.”

శుభవార్త నేనే చెప్పాలని షెడ్డుకు వెళ్లాను. రాజమల్లు విని సంతోషించలేదు.

“నాకు ఎర్కే సారు. ఎందుకు పట్టిచ్చినవు? ఇగ దాన్ని సంచిల కట్టి వాగు అవుతల ఇడిచిపెడ్తరు. నన్నైతే రేకుల కిందికే గదా పంపింది.”

నాకు సిగ్గేసింది. ఉద్యోగంలో అంత సిగ్గుపడ్డ రోజు మరొకటి లేదు.

పిల్లిని వదిలిపెట్టకుండా వారం గడువు ఇమ్మని సుజాతను అడిగాను. కరీంనగర్‌లో కుక్కల సరంజామా అమ్మే దుకాణం నుంచి మూత్రాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ద్రావణం తెప్పించాను. షాబాద్ సున్నపురాయి కాబట్టి వెనిగర్ వాడకూడదు, మచ్చ పడుతుంది. ముందు బండలను చన్నీళ్లతో కడిగి ఫినాయిల్ వదిలించి, సందుల్లో ద్రావణం పోసి, తడిగుడ్డ కప్పి ఒక రోజు ఉంచాం. సోఫా స్పాంజిలో మూత్రం ఎంత లోతుకు దిగిందో ద్రావణమూ అంత లోతుకు దిగాలి, పైపైన తుడిస్తే లాభం లేదు. తరువాత సోఫాను ఎండలో వేసి, బండల సందుల్లో తెల్ల సిమెంటు నింపించాం. విత్తులు తీయిస్తే హద్దు గుర్తులు వేయడం మానుతుందని పిల్లిని పశువుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను, గోనెసంచిలోనే.

పాత రాతలు ఎర్రసిరాతో కొట్టేసి, కారణం ‘గండుపిల్లి’ అని, చర్య ‘పిల్లికి ఆపరేషన్, మంచం లోపలికి’ అని రాశాను. ఎస్టేట్ ఆఫీసరు పిలిచి, పిల్లికి ఆపరేషన్ రాసే అధికారం ఇన్‌స్పెక్టరుకు ఏ సర్క్యులర్‌లో ఉందని అడిగారు. మనిషిని షెడ్డులోకి పంపే అధికారం కూడా ఏ సర్క్యులర్‌లోనూ లేదు, అది రాసినప్పుడు ఎవరూ అడగలేదని చెప్పాను. ఆయన ఫైలు మూసి పక్కన పెట్టారు.

నెల తరువాత వెళ్లి చూశాను. గదిలో వాసన లేదు. మంచం పాత చోటే ఉంది, మంచం మీద ఇద్దరూ ఉన్నారు.

ఆ తరువాత చేరిన ఇన్‌స్పెక్టర్లకు రెండు సంగతులు చెబుతూ వచ్చాను. వాసన ఎవరిదని అడిగే ముందు ఎక్కడుందో, ఎంత ఎత్తున ఉందో చూడాలి. నింద వేస్తే ఎవరైనా కాదనకుండా ఊరుకున్నాడంటే వెంటనే రిజిస్టర్ తెరవకూడదు, ఎవరిని కాపాడుతున్నాడో కనుక్కోవాలి.