మురుగు పైపులకి నా మొదటి ఓటు

అనుమానించడం నా ఉద్యోగం. మందుల కంపెనీలో క్వాలిటీ ఆడిటర్‌ని. ఎవరైనా "అంతా బాగానే ఉంది" అన్నారంటే సంతకం పెట్టేముందు ఇంకో రెండు కాగితాలు అడుగుతాను. ఇంట్లోనూ అదే బుద్ధి. పాలడబ్బా మీద తేదీ మా ఆయన చూశాక మళ్ళీ నేను చూస్తాను. ఆయన కళ్ళ మీద నమ్మకం లేక కాదు, నమ్మడం నాకు అలవాటు లేదు, అంతే.

అలాంటిదానికి అమెరికా సిటిజన్‌షిప్ వచ్చిన ఏడాదే మా ఊళ్ళో బాండ్ల ఓటు వచ్చిపడింది. పాత మురుగు పైపులు తీసేసి కొత్తవి వెయ్యడానికి ఊరు బాండ్లు అమ్మి అప్పు తెస్తుందట, ఇళ్ళ మీద పన్ను కాస్త పెంచి ఏళ్ళ తరబడి తీరుస్తుందట. దానికి మీరు ఒప్పుకుంటారా లేదా అని నవంబరు బ్యాలెట్‌లో అడుగుతారు. మెయిల్‌బాక్స్‌లోకి నున్నటి రంగుల కార్డు ఒకటి వచ్చింది. దాని మీద ఒక పాప గ్లాసెత్తి నీళ్ళు తాగుతోంది. మురుగు పైపులకీ ఆ పాప తాగే నీళ్ళకీ ఏమిటి సంబంధం? నా మొదటి అనుమానం అక్కడే మొదలైంది.

నేను పెరిగిన ఊళ్ళో మా వీధికి పైపులు వస్తాయని చెప్పి ముందు శిలాఫలకం వచ్చింది. తర్వాత రోడ్డు తవ్వారు. పైపులు తెచ్చి పక్కన పడేశారు. మేం వాటిలో దూరి దాగుడుమూతలు ఆడుకుని, పెద్దయి, కాలేజీలకి వెళ్ళిపోయాం గానీ అవి మాత్రం భూమిలోకి దిగలేదు. కాంట్రాక్టరు మేడ కట్టాడు. అందుకే పైపులన్న మాట వింటే చాలు, దీనివల్ల బాగుపడేదెవరా అని వెతుకుతాను.

ఓటు అడగడానికి నా దగ్గరికి వచ్చింది ఒక చెల్లెలు. సొంత చెల్లెలు కాదు. పక్కనున్న క్యారీ ఊళ్ళో ఇండియన్ షాపులో గోంగూర కట్టల దగ్గర పరిచయమై, రెండేళ్ళుగా నన్ను అక్కా అని పిలుస్తున్న కరీంనగర్ అమ్మాయి. హెచ్‌వన్ వీసా మీద ఉన్న కుటుంబం, ఇద్దరు ఆడపిల్లలు. కొత్త ఇళ్ళ ధరలు అందక ఊరి పాతభాగంలో కొనుక్కున్నారు. గట్టివాన పడితే వీధి మురుగు ఎగదన్ని వాళ్ళ బాత్‌టబ్‌లోకి వస్తుంది. ఆ రోజుల్లో పిల్లల స్నానాలు మా ఇంట్లోనే. వచ్చిన ప్లంబరల్లా, తప్పు మీ ఇంట్లో లేదు, రోడ్డు కింద ఉంది అని చెప్పి వెళ్ళాడు.

"టాక్స్ మేమూ కడుతున్నం, ఓటు మాత్రం లేదు అక్కా. మాకు తెలిసినోళ్లల్ల ఓటున్నది మీకొక్కరికే. మాకోసం యెస్ వెయ్యండి," అంది.

"అలాగేలేమ్మా," అన్నాను. ఆ నిమిషాన మనస్ఫూర్తిగానే అన్నాను.

వారం తిరక్కుండా టౌన్‌హాల్‌లో మీటింగ్ పెడితే వెళ్ళాను. గోడ నిండా మ్యాపులు, చార్టులు. సర్వే చేసిన ఇంజనీరింగ్ కంపెనీ గుర్తు ప్రతి చార్టు మూలా ఉంది, ఆకుపచ్చ చుక్క ఒకటి. దీన్ని ఎక్కడో చూశానే అనుకుంటూ కారెక్కాను. సగం దారిలో గుర్తొచ్చింది. ఆ అమ్మాయి మొగుడు లాన్ కోసేటప్పుడు వేసుకునే టీషర్టు మీద.

అతనేం పని చేస్తాడో నేనెప్పుడూ అడగలేదు. కన్సల్టింగ్ అంటాడు. మనవాళ్ళలో సగం మందిది కన్సల్టింగే. జీతమిచ్చేది ఒక కంపెనీ, పని చేసేది ఇంకో కంపెనీకి, ఏ కంపెనీకని గుచ్చి అడగడం మర్యాద కాదు. ఇప్పుడు నాకు అంతా తెలిసిపోయిందనుకున్నాను. బాండ్లు పాసైతే కంపెనీకి కాంట్రాక్టు, కాంట్రాక్టు వస్తే అతనికి ప్రాజెక్టు, ప్రాజెక్టు ఉంటే వీసా. మధ్యలో పిల్లల స్నానాలు చూపించి నా ఓటు కొట్టేద్దామనుకున్నారు! అసలు ఆ టబ్‌లో మురుగు నేను కళ్ళారా చూసిందెప్పుడు? ఒళ్ళు మండిపోయింది.

ఒక్క మాట అడిగితే పోయేది. అడగలేదు. ఆడిట్‌లో మనం అనుమానించేవాళ్ళకి ముందుగా చెప్పం కదా.

లైబ్రరీలో ముందస్తు ఓటింగ్ రోజున, బ్యాలెట్ కాగితం చివర్న బాండ్ల ప్రశ్న దగ్గర "వ్యతిరేకం" అన్న మాట పక్కనున్న సున్నాని పెన్నుతో శ్రద్ధగా నింపాను. ఓటేశానన్న స్టిక్కర్ అంటించుకుని సెల్ఫీ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మొట్టమొదట హార్ట్ కొట్టింది ఆ అమ్మాయే.

బాండ్లు ఓడిపోయాయి. మా ఊరు నాలాంటి వాళ్ళతో నిండి ఉందని అప్పుడే తెలిసింది.

రెండు వారాలకి రోజంతా వాన. మధ్యాహ్నం ఆమె పిల్లలిద్దర్నీ, తువ్వాళ్ళ సంచినీ తీసుకుని మా ఇంటికి వచ్చింది. పిల్లలు మేడ మీదికి స్నానానికి వెళ్ళారు. టీ పెడుతూ, ఏమీ ఎరగనట్టు, "మీవారి కంపెనీకి ఇప్పుడు కష్టమేనేమో," అన్నాను.

"ఏ కంపెనీ అక్కా? ఆయన క్లయింటు బ్యాంకు గదా."

టీషర్టు సంగతి ఎత్తాను. ఆమె పగలబడి నవ్వింది. "అదా! సమ్మర్ల ఆ పైపులోళ్లు మీటింగ్ పెడితే మా టబ్ గురించి కంప్లైంట్ చేయనీకి పోయిండు. వచ్చినోళ్లకి ఫ్రీగా ఇచ్చిన్రంట. మనోళ్లు వదుల్తరా? అడిగి రెండు తెచ్చుకున్నడు."

మా ఆయన సొరుగు నిండా అలాంటి ఫ్రీ టీషర్టులే. ఆయన పరుగెత్తని పరుగుపందేలవి, ఇవ్వని రక్తదానాలవి. మా ఇంట్లోనే రోజూ ఉతుకుతున్నా ఆ సంగతి నాకు తట్టలేదు.

ఇంతలో చిన్నది తలకి తువ్వాలు చుట్టుకుని దిగివచ్చింది. "ఆంటీ, థాంక్యూ. మా బాత్రూమ్ కోసం ఓట్ చేశారు కదా, మమ్మీ చెప్పింది," అంది.

పాప టీవీ దగ్గరికి వెళ్ళేదాకా ఆగి, ఆమెకి చెప్పేశాను. వ్యతిరేకంగా వేశానని, ఎందుకు వేశానో కూడా.

"నన్నొక్కమాట అడగకపోతిరా అక్కా," అంది. తర్వాత, "పిల్లలకి మాత్రం చెప్పకండి," అంది. టీ తాగేసి, పెద్దది దిగొచ్చాక ఇద్దర్నీ తీసుకుని వెళ్ళింది.

ఆ తర్వాత మూడుసార్లు గట్టివాన పడింది. మూడుసార్లూ నేనే మెసేజ్ పెట్టాను, పిల్లల్ని తీసుకురా అని. మూడుసార్లూ వెంటనే, మర్యాదగానే జవాబొచ్చింది. "పర్లేదండీ, స్నానాలు జిమ్‌ల చేయించినం."