అన్న క్యాసెట్ మీద ఎక్కాల ప్రోగ్రాం

ఎల్లారెడ్డిలో ఉండే మా అన్న కొడుకు మొన్న కామారెడ్డిలోని మా ఇంటికి ఒక డబ్బా పట్టుకొచ్చాడు. విప్పితే, మీరు నమ్మరు, నా పడుచుతనంలో టీవీకి తగిలించి వాడుకున్న ఇంటి కంప్యూటరే, అవే మెత్తటి రబ్బరు మీటలతో! పాతవాటి మీద మోజున్న వాళ్ల కోసం కొత్తగా తయారు చేసి అమ్ముతున్నారట. అంతకుముందు వాడు ల్యాప్‌టాప్‌లోనే ఆ యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్ పెట్టిస్తే, అద్దంలో అన్నం చూపించినట్టుందిరా అని విసుక్కున్నాను. అందుకని ఇది తెచ్చాడు. మీటలు నొక్కుతుంటే వేళ్లకు హాయిగానే ఉంది గానీ, లోపలంతా కొత్త చిప్పే. రెండూ వేషాలే, ఇది కొంచెం మంచి వేషం అనుకున్నాను.

అసలుది మా అన్న తెచ్చాడు. దుబాయికి కూలిపనికి పోయిన మనిషి, మొదటి సెలవుకు వచ్చినప్పుడు, తమ్ముడికి లెక్కల పిచ్చి అని దీన్నీ ఒక టేప్‌రికార్డర్‌నూ మోసుకొచ్చాడు. ఆ రోజుల్లో మా దిక్కు చదువు రాని ఇండ్లకు క్యాసెట్లే ఉత్తరాలని మీలో చాలామందికి తెలుసు. అక్కడ మాటలు నింపి, ఊరికొచ్చే వాళ్ల చేతికిచ్చి పంపితే, మేము విని, దాని మీదే మా మాటలు నింపి తిప్పి పంపేవాళ్లం. వదిన కడుపుతో ఉన్నప్పుడు వచ్చిన క్యాసెట్‌లో అన్న పుట్టబోయే బిడ్డతో మాట్లాడాడు. మమ్మల్ని కన్న అవ్వా, వదినా బీడీలు చుట్టడం ఆపి విన్నారు. ఆ కంప్యూటర్‌లో రాసిన ప్రోగ్రాంలను దాచుకునేదీ క్యాసెట్ల మీదే. మరునాడు నా ఎక్కాల ప్రోగ్రాం దాచుకోవడానికి వేరే క్యాసెట్ లేక, వినడం అయిపోయింది కదా, ఎట్లాగూ చెరిపేదే కదా అని, దాని మీదే ఎక్కించేశాను.

ఆ నెలలోనే అన్న పనిచేసే చోట మీది నుంచి పడి చనిపోయాడని కబురొచ్చింది. అవ్వ ఆ క్యాసెట్ పెట్టమంది. కీచుమని ఒకటే చప్పుడు. "ఏందిరా గిది, నా కొడుకేడి?" అని నా మొహంలోకి చూస్తే, టేపు ఖరాబైందని చెప్పాను. అవ్వా, తర్వాత వదినా, ఆ అబద్ధమే నమ్మి కన్నుమూశారు. ఛీ, నాదీ ఒక బతుకేనా!

మొన్న నేను వద్దు వద్దంటున్నా వినకుండా, వాడు అటక మీది ఆ పాత క్యాసెట్ దింపి, టేప్‌రికార్డర్‌ను కొత్త డబ్బాకు తగిలించాడు. కాసేపు కీచుమన్నాక, నా ఎక్కాలు ఒక్క అంకె పొల్లుపోకుండా తెర మీదికొచ్చాయి. "చూసినవా కాకా, ఇన్నేండ్లయినా ఏం పోలే!" అని వాడు సంబరపడుతుంటే ఇక నావల్ల కాలేదు, జరిగిందంతా చెప్పేశాను. ఇప్పుడు దుబాయి మాటలు ఫోన్లో రోజుకు పదిసార్లు వస్తున్నాయి, సగం వినే ఓపిక కూడా ఎవరికీ లేదు. వాడికి మాత్రం కన్నతండ్రిది ఒక్క పలుకైనా లేకుండా చేశాను.

వాడు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. టేప్‌రికార్డర్ ఆపి, "బాపు ఏమన్నడు కాకా?" అని అడిగాడు.

విన్నది ఒక్కసారే అయినా నాకు అంతా గుర్తే. "బిడ్డా, నేనొచ్చేదాక మీ అవ్వను సతాయించకు. నీకు గౌను తేవాల్నా, లాగు తేవాల్నా, జల్ది చెప్పు" అని అన్న లాగే సాగదీసి, అన్న లాగే చివర నవ్వు కలిపి చెప్పాను. వాడు కళ్లు మూసుకుని విని, మళ్లొక్కసారి చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. మాటలన్నీ అన్నవే, గొంతు మాత్రం నాది.