నేను కొట్టని వెయ్యి రాళ్లు

ఈ ఉదయం పాలప్యాకెట్టు కత్తిరిస్తుంటే ఫోను టింగుమంది. చూద్దును కదా, కృష్ణానది అవతలి గట్టు నుంచి ఎవరో ముఖపరిచయం లేని మనిషి మా సున్నపురాయి పేజీలో ఒక వాక్యం కలిపాడు. "ఈ పరీక్ష మేమూ చేసి చూశాం" అని రాసి, మూలంగా మా పరీక్షనే చూపించాడు. పాలు సగం వంటగట్టుమీద పోయాయి, మా ఆవిడ అరిచింది. నేను మాత్రం వీధిలోకి ఉరికి, "మనల్ని మూలంగా చూపించారోయ్!" అని కేకేశాను. పిడుగురాళ్ల మొత్తం ఉలిక్కిపడింది. సరే, ఎదురింటి మేక ఉలిక్కిపడింది.

ఆ పేజీ ఉన్నది ఒక విజ్ఞాన వికీలో. ఊరుమ్మడి పుస్తకం అనుకోండి. రాళ్ల గురించీ మొక్కల గురించీ తెలిసినవాళ్లు తలో వాక్యం రాస్తారు. ఎవరు రాసినా సరే, ఆ మాట ఎక్కడిదో కింద చూపించాలి. నరసరావుపేటలో కెమిస్ట్రీ చెప్పే నా మేనకోడలు దాన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్లలో ఒకతె. రిటైరైన సైన్సు మాస్టారు ఊరికే కూర్చుంటే ఇల్లు పీకి పందిరేస్తాడని, పోయినేడు నన్నూ అందులోకి దింపింది. నేను మొదటిరోజే సున్నపురాయి పేజీ తెరిచి, సుత్తితో కొడితే ఖంగుమని మోగే రాయి బాగా కాలుతుందనీ, మొద్దుగా పలికే రాయి కాలినా కడుపులో కాలని గడ్డ మిగులుతుందనీ రాశాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. "వెయ్యి రాళ్లను స్వయంగా పరీక్షించి తేల్చిన విషయం" అని కూడా తగిలించాను. నేను జన్మలో సుత్తి పట్టింది గోడకు మేకు కొట్టడానికే. ఆ మేకూ వంగింది.

అసలు ఆ విద్య నాది కాదు, మసీదు పక్కింటి బట్టీ మేస్త్రీది. మా ఇద్దరికీ వరస ఎవరు కలిపారో తెలియదు గానీ పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ బావా అంటే బావా. నలభై ఏళ్లు సున్నపు బట్టీల దగ్గర రాయిని చెవితో ఏరినవాడు. యంత్రాలు వచ్చాక, రాయి పాటలు పాడుతుందా తాతా అని లారీలవాళ్లు ఆటపట్టిస్తుంటే ఆ సుత్తిని అటకెక్కించాడు. నేను రాసింది ఎవరో చెబితే సంబరపడి వచ్చాడు. "నా ఇద్య కంప్యూటర్లో ఎక్కిందంటగా బావా, నా పేరు యాడుందో సూపిచ్చు" అన్నాడు. పేరు లేదు. సిగ్నల్ లేదని చెప్పి పంపించేశాను.

వారం తిరక్కుండా మేనకోడలు ఆ వాక్యం పక్కన "మూలం కావాలి" అని గుర్తు పెట్టింది. శుక్రవారం లోపు చూపించకపోతే తీసేస్తారట. నా అదృష్టం, అంతకుముందు ఆదివారమే ఒక పేపరులో "వెయ్యి రాళ్లు కొట్టిన పల్నాటి మాస్టారు" అని చిన్న వార్త పడింది. విలేకరి మా పేజీ చూసే రాశాడు. నేను ఆ వార్తనే తెచ్చి మూలంగా అంటించేశాను. సాయంత్రానికల్లా ఫోను.

"మామయ్యా, నువ్వు రాసిన తేదీ ముందు, పేపరు తేదీ తర్వాత. నిన్ను చూసి వాడు రాస్తే, వాణ్ణి చూపించి నువ్వు గెలుస్తావా? గురజాల కోర్టులో ఇట్టాంటి సాక్షిని నిలబెడితే బంట్రోతు కూడా నవ్వుతాడు. నిజం చెప్పు, ఎన్ని కొట్టావు?"

"ఓ వంద..."

"మామయ్యా!"

"ఒక్కటీ కొట్టలా తల్లీ. అదంతా మేస్త్రీ బావ ఇద్య."

"అయితే ఆయన చేత కొట్టించు. ఎవరు, ఎక్కడ, ఎట్టా చేశారో రాసిన నివేదిక ఉంటే అదే మూలం. లేదంటే ఆ ఇద్య పేజీలోంచి పోతుంది" అంది.

మేస్త్రీ గడపలో నిలబడి సంగతంతా ఒప్పుకున్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "వెయ్యి కొట్టినోడివి, సుత్తి నువ్వే మొయ్యి" అని అటక మీదిది దించి నా భుజాన పెట్టాడు.

మర్నాడే మేనకోడలు బస్సు దిగింది. ఇరవై నాలుగు రాళ్లకు నంబర్లు వేసి, రంగు చూసి చెప్పకుండా మేస్త్రీ కళ్లకు ఆయన కండువానే కట్టింది. ఆయన కొట్టడం, చెవి ఒగ్గడం, "ఇది మంచిది... ఇది దొంగముండ" అనడం, మేనకోడలు రాసుకోవడం. ఇనప రేకు ముక్కల మీద నంబర్లు చెక్కి, రాళ్లకు తీగతో కట్టి, తెలిసిన బట్టీలో పేర్చాం. నాకు మూడు రోజులు అన్నం సయించలేదు (సాయంత్రం పునుగులు లెక్కలోకి రావు). శుక్రవారం పొద్దున కాలిన రాళ్లను బయటికి తీసి నీళ్లు చల్లాం. మొదటిది బుస్సుమంది, పొగలు కక్కి, కళ్లముందే పువ్వులా విచ్చి పొడైపోయింది. "సూశావా!" అని మేస్త్రీ ఎగిరాడు, నేనూ ఎగిరాను, బట్టీ కూలీలు పని ఆపి చుట్టూ మూగారు. లారీ డ్రైవర్లు కూడా దిగి, తర్వాతి రాయి మీద పందేలు వేసుకున్నారు. చివరికి ఇరవై ఒకటి మేస్త్రీ చెప్పినట్టే అయ్యాయి, మూడు తప్పాయి.

నా చెయ్యి ఊరుకుంటుందా? "మొత్తం ఇరవై నాలుగూ అని రాసేద్దాం బావా, ఎవడు చూడొచ్చాడు?" అన్నాను.

"ఆ మూడూ కూడా రాయి," అన్నాడు మేస్త్రీ, కండువాతో ముఖం తుడుచుకుంటూ. "అయ్యి లేకపోతే ఈ ఇరవై ఒకటీ నమ్మేదెవడు?"

రాశాను. ఆయన పేరు, బట్టీ ఉన్న చోటు, తప్పిన మూడు రాళ్ల నంబర్లతో సహా. ఆ పేరు ఇక్కడ చెప్పను. కావాలంటే పేజీ అడుగున నాలుగో మూలం చూసుకోండి, ఊరికే నా మాట నమ్మకండి. అవతలి గట్టువాళ్లు ఈ ఉదయం తమకు అయిదు తప్పాయని రాశారు. ఆ మాట చెబితే మేస్త్రీ మూడు వేళ్లు చూపించి, మీసం తిప్పి, టీ తెప్పించాడు.

వెయ్యి రాళ్లు కొట్టానని రాయడానికి నాకు అరనిమిషం పట్టింది. మూడు తప్పాయని రాయడానికి డెబ్బై రెండేళ్లు పట్టింది.