కేంద్రం ఎక్కడి నుంచి?

తొంభైల మొదట్లో మా వర్క్‌షాపుకు అంకెలు చదివి ఇనుప ప్లేటును మంటతో కోసే మెషిన్ వచ్చింది. అప్పటికి ఇరవై ఏళ్లుగా నాది మార్కింగ్ పని, కోయాల్సిన గీతలు ప్లేటు మీద సుద్దతో గీయడం. ఆ మెషిన్‌కు వృత్తం గీసి చూపిస్తే తెలియదు. వంపు ఎక్కడ ముగియాలి, కేంద్రం ఎంత దూరం, ఎటువైపు తిరగాలి, అన్నీ ఒకే వరుసలో అంకెలుగా రాసివ్వాలి. ‘కేంద్రం దూరం’ అని మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంది. ఎక్కడి నుంచి దూరమో లేదు. ఆ పేజీ చదివిన ప్రతిసారీ డైరీలో ఒక గీత పెట్టాను. పదకొండు గీతలయ్యాయి.

మార్కింగ్‌లో ఏ కొలతైనా ప్లేటు మూల నుంచే తీస్తాం. కేంద్రాన్నీ అలాగే రాశాను. మంట బదులు పెన్ను బిగించి, అలవాటుగా మూల దగ్గరే మొదలుపెట్టి, అట్ట మీద పావు వృత్తం గీయించాను. చక్కగా వచ్చింది.

మర్నాడు చండ్రుగొండ నుంచి ఒక రైతు పగిలిన పంపు రింగును గోనెసంచిలో చుట్టుకుని వచ్చాడు.

“వరి పొట్ట మీదున్నది సారూ. రేపటికి నీళ్లు వెట్టకుంటే అంత తాలే.”

అంత మందం ప్లేటు మా దగ్గర ఒక్కటే ఉంది. అంకెలు రాసి ఆపరేటర్‌కిచ్చాను. మూలకు దూరంగా మంట అంటుకుని కదిలింది. తిరగాల్సిన చోట తిరగకుండా పెద్ద వంపు పట్టింది.

“గిదేంది సారూ, నేనడిగింది పంపుకు. ఎడ్లబండి చక్రానికి పట్టా కోస్తున్నరా?” అన్నాడు రైతు.

ఆపమని నేను అరిచేసరికి ప్లేటు మూరెడు చీలింది.

“మీరు రాసిందే కోసింది సార్,” అన్నాడు ఆపరేటర్. అది నిజం కావడమే నాకు మండింది.

డైరీ తీసి నిన్నటి అంకెలు చూశాను. మెషిన్ కేంద్రాన్ని కొలిచేది మూల నుంచి కాదు, వంపు మొదలైన చోటు నుంచి. నిన్న ఆ రెండూ ఒకే చోటు కావడంతో నా తప్పు ఒప్పులా కనిపించింది. ఆ ఒక్క మాట రాయడానికి పుస్తకం వాళ్లకు సిరా చాలలేదా!

మిగిలిన ప్లేటులో పూర్తి రింగు పట్టదు. రెండు సగాలుగా సుద్దతో గీసి, చేతి గ్యాస్ కట్టర్‌తో కోసి, వెల్డింగ్ చేయించాను.

“నిలుస్తదా సారూ?”

“ఈ పంటకు నిలుస్తుంది. కోతలయ్యాక రా, అతుకు లేనిది ఇస్తా.”

అతను వెళ్లాక పుస్తకంలో ‘కేంద్రం దూరం’ పక్కన ‘మొదలైన చోటు నుంచి’ అని కాగితం చిరిగేంత గట్టిగా రాశాను.

కోతలయ్యాక వచ్చాడు. కొత్త ప్లేటు తెప్పించి, మెషిన్ మీద కోయించిన గుండ్రటి రింగు చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల మీద పెట్టేశాడు.

“అతుకుదే పంట తీసింది సారూ. మిషిన్‌ది నాకొద్దు.”