పిన్ని పెంచిన శ్రుతి

మా పిన్నికి కడుపుమంట ఎక్కువ. డాక్టరు మందుకు లొంగే రకం కాదు.

పొద్దంతా తన ఇస్త్రీ దుకాణంలో నిలబడి, చొక్కాలు మడతపెడుతూ పాటలు కట్టేది. శనివారం సాయంత్రాలు వీధి చివర కాఫీ హోటల్లో గిటారు పట్టుకుని ఒక్కతే పాడేది. ఆదివారాలు అదే హోటల్లో, కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే ఒకావిడ తన సొంత పాటలు పాడేది. ఆవిడకు చప్పట్లు కాస్త ఎక్కువే పడేవి. "ఇస్త్రీ చెయ్యని గుడ్డలా ఉంటుంది దాని గొంతు" అనేది పిన్ని. అంటూనే ప్రతి ఆదివారం వెళ్ళి మూల బల్ల దగ్గర కూర్చునేది.

ఒకరోజు హోటలాయన ఇద్దరినీ పిలిచి, "కలిసి పాడండమ్మా. జానపదంలా ఉంటాయి మీ పాటలు, కుర్రకారుకీ ఎక్కుతాయి. విడివిడిగా అయితే ఇక నావల్ల కాదు" అన్నాడు. వేదిక పంచుకోవడం పిన్నికి సుతరామూ ఇష్టం లేదు. వదులుకోవడం అంతకన్నా ఇష్టం లేదు. ఒప్పుకుంది.

దుకాణం వెనక గదిలో సాధన మొదలైంది. కళ్ళజోళ్ళావిడ అప్పటికే పిన్ని పాటలన్నీ కంఠతా పట్టేసింది. "అక్కా, మీ పాటలో ఈ చరణం అంటే నాకెంతిష్టమో!" అంటూ పాడి వినిపించింది. పిన్నికంటే బాగా పాడింది. పిన్ని మొహం మాడిపోయింది.

మొదటి కచేరీ రోజు, వేదిక ఎక్కబోతూ పిన్ని గిటారు మెడ మీది క్లిప్పును రెండు మెట్లు జరిపి బిగించింది. శ్రుతి పెరిగింది. "ఇప్పుడు అందుకోమను చూద్దాం" అని నా చెవిలో గొణిగింది.

పల్లవిలోనే పై స్వరం అందక కళ్ళజోళ్ళావిడ ఆగిపోయింది. పిన్ని కళ్ళు మెరిశాయి. ఆవిడ మాత్రం కింది స్థాయికి దిగి, పిన్ని గొంతు వెనకాలే మెల్లగా ఇంకో వరస అల్లుకుంటూ వచ్చింది. హోటల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. పాట అయ్యాక జనం లేచి నిలబడ్డారు.

"నా గొంతుకు చోటివ్వాలనే కదక్కా శ్రుతి పెంచారు!" అంటూ ఆవిడ పిన్నిని వాటేసుకుంది. పిన్ని కాదనలేదు.

ఇప్పుడు ఆ జంటకు బోలెడంత పేరు. జనానికి అన్నీ ఆ శ్రుతిలోనే కావాలి. కింద ఆవిడ హాయిగా పాడుతుంది. పైన పిన్నికి గొంతు చీరుకుపోతుంది. ఎవరు తవ్వుకున్న గోతిలో వాళ్ళే పడతారంటుంది మా అమ్మ.

నిన్న పిన్ని ఉప్పునీళ్ళు పుక్కిలిస్తుంటే చూడలేక, "ఒక్క మెట్టు దించుకో పిన్నీ" అన్నాను.

"దించితే అది పైకొచ్చేస్తుందే" అంది, బొంగురు గొంతుతో.