కుట్టుమిషనత్త రహస్య ప్రార్థన

ఆ వరస ఇళ్ళలో కుట్టుమిషనత్తను ఎరగనివాళ్ళు లేరు. ముప్ఫై ఏళ్ళుగా మిషన్ తొక్కుతూనే ప్రార్థన చేసుకోవడం ఆవిడ అలవాటు. ఆ టకటకల మధ్య యేసయ్యకు వినబడాలని గొంతు పెంచీ పెంచీ, చివరికి మిషన్ ఆగినా గొంతు తగ్గడం మానేసింది. ఆవిడ మాత్రం తాను గొణుక్కుంటున్నాననే అనుకునేది! పిండి డబ్బా నిండుకుందని పొద్దున ప్రభువుతో చెప్పుకుంటే, మధ్యాహ్నానికి ఎవరో ఒకరు "మాకు ఎక్కువైందత్తా" అంటూ సంచీ దింపిపోయేవారు. "చూశారా, అడగడమే ఆలస్యం!" అని మురిసిపోయేది పిచ్చితల్లి.

ఒకరోజు మిషన్ మోగలేదు. గొంతు మాత్రం మోగింది.

"ప్రభువా, ఈ మాట నీకూ నాకూ మధ్యే ఉండాలి సుమా! సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాను. బెజ్జం ఎక్కడుందో కనబడి చావడంలేదు. ఎవరికైనా తెలిసిందంటే నా చేతికి గుడ్డముక్క ఇవ్వరు. ఈ పని పోతే నేనేమైపోతాను తండ్రీ?"

చుట్టూ ఆరిళ్ళవాళ్ళు చేతిలో పని ఆపి నిలబడిపోయారు. నిజం చెప్పొద్దూ, జాలితోపాటు కొందరికి నవ్వూ వచ్చింది.

మర్నాడు పొద్దున్నే వడ్రంగి పెళ్ళాం దిగబడింది. "అత్తా, నాకు మిషన్ నేర్పవూ? ముందు దారం ఎక్కించడం నేర్చుకుంటాను." ఆ సాయంత్రం పోస్ట్‌మాన్ వచ్చి, చెయ్యి వణుకు తగ్గాలంటే సూదిలో దారం ఎక్కించమని డాక్టరు చెప్పాడన్నాడు. ఇంత అడ్డగోలు అబద్ధం ఎవరైనా నమ్ముతారా? అత్త నమ్మింది. పైగా పాపం అతని చెయ్యి బాగుపడాలని ప్రార్థన కూడా చేసింది, గట్టిగానే.

అలా పూటకొకరు వచ్చి దారం ఎక్కించిపోతుంటే, వారం తిరిగేసరికి పక్కింటి నర్సు గుమ్మంలో ప్రత్యక్షమైంది. యూనిఫాం చంకలో బిగుతుగా కుట్టావని పోట్లాడి, మూడేళ్ళుగా ఇటు కన్నెత్తి చూడని మనిషి! వచ్చిందే తడవుగా మిషన్ ముందు కూర్చుని దారం అందుకుంది.

అత్తకు అప్పుడు వెలిగింది. "నీకెవరు చెప్పారే?"

"నువ్వే వదినా. నీ రహస్యాలన్నీ వరసంతా ఎప్పట్నుంచో వింటూనే ఉంది."

పిండి సంచులు, పోస్ట్‌మాన్ వణుకు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. అత్తకు తల కొట్టేసినట్టయింది. "అయితే ఇన్నాళ్ళూ విన్నది మీరా? ఆయన కాదా?" అంది, కళ్ళనిండా నీళ్ళతో.

నర్సు దారం కొస నాలుకతో తడిపి బెజ్జంలోకి దూర్చింది. "నీ గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకున్నదాన్ని. ఆయన వినకపోతే నన్నెవరు ఇక్కడికి ఈడ్చుకొచ్చారంటావు?"

అత్త ఆమె చెయ్యి పట్టుకుని భోరుమంది.

తర్వాత రెండురోజులు అత్త నిజంగానే గొణుక్కుంది. మూడోరోజు పొద్దున గోడ అవతలినుంచి దబదబ చప్పుడు.

"వదినా, కాస్త గట్టిగా! ఇవాళ నీకేం కావాలో మాకెలా తెలుస్తుంది?"