షోలాపూర్ డబ్బా

మా బాపు నన్ను షోలాపూరుకు ఇవ్వడానికి ఒప్పుకున్నది ఒక రైలు డబ్బాను చూసి.

హైదరాబాద్ శాలిబండలో మాకు నూలు దుకాణం ఉండేది. అమ్మ లేదు, నేనొక్కదాన్నే. పెళ్లికొడుకు షోలాపూరు స్టేషన్లో గుమస్తా. అప్పట్లో నాంపల్లి నుంచి బయలుదేరే బండికి ఒక నేరు డబ్బా ఉండేది. దారిలో వాడి అనే జంక్షన్లో దాన్ని విప్పి బొంబాయి పోయే బండికి తగిలించేవారు. ఎక్కినవాళ్లు కూర్చున్న చోటు నుంచి లేవకుండా షోలాపూరులో దిగవచ్చు. వచ్చేటప్పుడూ అంతే.

అవి యుద్ధం రోజులు. సంబంధం ఖాయం చేసుకునే రోజు బాపు పెళ్లికొడుకును ఆ సంగతే అడగడం లోపలి గదిలో ఉన్న నాకు వినిపించింది.

"లడాయి నడుస్తున్నది గదయ్యా, ఆ డబ్బ గిట్ల బంద్ జేస్తరా ఏంది? నా బిడ్డ ఒక్కతే జంక్షన్ల దిగి బండి మారుడంటే నాకు భయం."

"ఫికర్ జెయ్యకు మామా. అది యాడికీ పోదు. నేను పనిజేసేది ఆడనే గద."

ఆ మాట మీదనే బాపు తాంబూలాలు పుచ్చుకున్నాడు.

కాపురానికి పోయేటప్పుడు వాడిలో బండి మారితే, ఆ ఒక్కరోజు డబ్బా తగిలించలేదన్నాడు మా ఆయన; నమ్మాను. పెళ్లయిన కొన్ని నెలలకు బాపుకు జ్వరమని కబురు వచ్చింది. మా ఆయనకు సెలవు దొరకలేదు. నన్ను ఆడవాళ్ల పెట్టెలో కూర్చోబెట్టి, "వాడిల ఎవరన్న అడుగు, చెప్తరు" అని వెళ్లిపోయాడు. ఏం అడగాలో నాకు అర్థం కాలేదు.

వాడి వచ్చింది. అందరూ దిగుతున్నారు. నేను కదల్లేదు. మా పెళ్లికి వచ్చిన టికెట్ కలెక్టర్ ఒకాయన నన్ను చూసి కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"చెల్లె, దిగవేంది? ఈ బండి మద్రాసుకు పోతది!"

"డబ్బ విప్పుతరు గదన్నా?"

"గది బంద్ అయింది గద! మీ పెండ్లి ఖాయం గాకముందే హుకుం వచ్చింది. మీ ఆయన చెప్పలేదా?"

నా ట్రంకు పెట్టె లాక్కుని దిగాను. హైదరాబాద్ బండి నిండా సిపాయిలే. కాలు పెట్టే సందు లేక ఎక్కలేకపోయాను, అది నా కళ్లముందే కదిలిపోయింది. తర్వాతి బండి దాకా పెట్టె మీదే కూర్చున్నాను. ఏడుపు రాలేదు. లోపలి గదిలో ఆ మాట విని నేను ఎంత సంతోషపడ్డానో గుర్తొచ్చి ఒళ్లు మండింది.

ఇంటికి చేరేసరికి బాపు మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. జరిగింది దాచకుండా చెప్పాను. ఆయన చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నన్ను తీసుకుపోవడానికి వచ్చిన అల్లుడిని బాపు ఒక్కటే అడిగాడు. "డబ్బ బంద్ అయిందని ఎర్కుండే అట్ల చెప్పినవా?"

"నిజం చెప్తే పిల్లనిస్తుంటివా మామా?" అన్నాడు మా ఆయన నవ్వుతూ. పైగా అంతగా కోరి చేసుకున్నానని మమ్మల్ని మెచ్చుకుంటున్నట్టు!

బాపు నా వైపు చూశాడు. "పోతవా బిడ్డా? ఉండాల్నంటే ఉండు. ఎవలేమన్నా నేనున్న."

అప్పటికి నాకు మూడో నెల. "పోత బాపు" అన్నాను. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "గని ఇగ నీ మాట నమ్మ" అన్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది.

బాపు షోలాపూరుకు ఒక్కసారీ రాలేదు. మా ఆయన ఆ తర్వాత చాలావరకు నిజాలే చెప్పాడు. వాటినీ నేను ఇంకొకరిని అడిగి తెలుసుకునేదాన్ని.